రాత్రి రెండింటికి లేపే మిత్తి

"నాతోని ఏం కాదు మేడం. నేను చేతగానోణ్ణి."

మరిపెడ పక్క తండాలో కౌలుకు మిర్చి వేసే ఒక రైతు, కౌన్సెలర్‌నైన నా ఎదుట కూచొని అన్న మొదటి మాట ఇది. ఆ తర్వాత చాలాసేపు తల ఎత్తలేదు. ఆయన్ని అంగన్‌వాడీ దాకా తీసుకొచ్చింది భార్య. నిద్రపోవడం లేదని, పిల్లలతో మాట కలపడం లేదని, చేను గట్టు మీద పొద్దుగూకేదాకా ఊరకే కూచుంటున్నాడని చెప్పి, ఆమె బయట వేపచెట్టు నీడకు వెళ్లిపోయింది.

ఇలాంటి మనిషికి మనమంతా చేసే పని ధైర్యం చెప్పడం. నీకంటే కష్టాల్లో ఉన్నోళ్లు బతుకుతలేరా, మగపుట్టుక పుట్టి గిట్ల కూలబడితే ఎట్ల, పిల్లల మొఖం చూడు అంటాం. బావమరిది చెప్పాడు, పెద్దమనిషి చెప్పాడు, ఎరువుల దుకాణపాయన కూడా చెప్పాడు. అవన్నీ విన్నాక ఆయనకు అర్థమైంది ఇదీ: పంటా తీయలేకపోయాను, ఇప్పుడు ధైర్యమూ తెచ్చుకోలేకపోతున్నాను. చేతగానితనానికి ఇంకో రుజువు దొరికింది.

నేను అడిగింది ఇది. "ఈ చేతగానితనం మీ ఇంటికి ఎప్పుడొచ్చింది? చిన్నప్పటి నుంచీ ఉన్నదా?"

ఆయన వింతగా చూశాడు. "లేదు. పురుగు పడ్డ ఏడు వచ్చింది."

ఆ ఏడును మా వైపు మిర్చి రైతులెవరూ మరిచిపోలేరు. 2021-22 సీజన్. ఎప్పుడూ ఆకుల మీద కనిపించే తామర పురుగుకు బదులు పూతలోనే దూరే నల్ల తామర పురుగు వచ్చింది. మన దేశంలో దాన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. 2021 నాటికి అది ఆంధ్ర, తెలంగాణ మిర్చి చేలను కమ్ముకుంది. ఏ మందు కొట్టినా లొంగలేదు. పూత రాలింది, కాయ వంకర తిరిగింది, చేలను దున్నేసినవాళ్లు ఉన్నారు. ఎకరాకు లక్ష దాటిన పెట్టుబడి మట్టిలో కలిసింది. భూమి సొంతం కాని కౌలు రైతుకు బ్యాంకు అప్పు పుట్టదు, అప్పట్లో ఉన్న రైతుబంధు రాలేదు. పెట్టుబడంతా వడ్డీకి, మా మాటలో మిత్తికి, తెచ్చిందే.

"రాత్రి మిమ్మల్ని నిద్ర లేపుతున్నది ఏమిటి?"

"మిత్తి. రాత్రి రెండింటికి లేపుతది."

"లేపి ఏమంటది?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "నువ్వు చేతగానోనివి అంటది."

తనను తాను పరిచయం చేసుకోవడానికి ఆయన వాడిన మాట ఆయనది కాదని మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది. ఆ పూటంతా మేం మిత్తి గురించే మాట్లాడుకున్నాం. దానికి బలం ఎప్పుడొస్తది? బాకీ ఇచ్చినాయన బండి చప్పుడు వినపడ్డప్పుడు, పండుగ దగ్గరపడ్డప్పుడు. ఇంట్లో దేన్ని లాక్కుంటది? పిల్లలతో మాట్లాడనీయదు, మాట్లాడితే ఫీజు అడుగుతరని భయపెడతది. అది రాని రాత్రి ఏదైనా ఉన్నదా? ఉన్నది. అన్న పొలంలో మోటరు కాడ కావలి పండుకున్న రాత్రి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పబోయి, ఆ రాత్రి అన్నదమ్ములు మాట్లాడుకున్న ముచ్చట్లు చెప్పడం మొదలుపెట్టాడు. తల ఎత్తి చెప్పాడు.

ఈ పద్ధతిని నెరేటివ్ థెరపీ అంటారు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో సోషల్ వర్కర్‌గా పనిచేసిన మైకేల్ వైట్, న్యూజిలాండ్‌లో పనిచేసిన డేవిడ్ ఎప్‌స్టన్ 1980లలో దీనికి రూపమిచ్చారు. అడిలైడ్‌లో 1983లో మొదలైన డల్విచ్ సెంటర్ దీనికి పుట్టిల్లు. ఇద్దరూ కలిసి రాసిన ప్రధాన గ్రంథం 1990లో వచ్చింది. మనిషికీ సమస్యకూ మధ్య చోటు కల్పించి, మనిషి దాన్ని ఎదురుగా నిలబెట్టి చూసేలా చేయడం ఇందులో తొలి మెట్టు. వైట్ దగ్గరికి వచ్చిన తొలినాటి పిల్లల్లో ఒకడు దొడ్డికి ఆపుకోలేక బట్టలు పాడుచేసుకునేవాడు. తల్లి, తండ్రి, పిల్లవాడు తలా ఒక మూలకు చేరారు. ఆ దొడ్డికే ఒక కొంటె పేరు వచ్చింది. వైట్, అది ఈ ఇంట్లో ఎవరెవరిని ఎట్లా ఏడిపిస్తున్నది, ఎవరు ఎప్పుడు దాని ఆట కట్టించారు అని అడుగుతూ పోయాడు. ముగ్గురూ ఒక పక్కకు వచ్చారు. సమస్య ఒక్కటే అటు పక్క మిగిలింది.

సమస్యను మనిషి నుంచి విడదీయడం మా ఊళ్లకు కొత్త కాదు. గాలి సోకింది, దిష్టి తగిలింది, గ్రహచారం బాగాలేదు అంటాం. అలా అనడంలో దయ ఉంది. పిల్ల చెడ్డది కాదు, దానికేదో పట్టింది అనే తల్లి మాటను నేనెప్పుడూ తీసిపారేయను. అయితే భూతవైద్యుడి దగ్గర ఆ గాలి పేరు, దాని కోరిక, దాన్ని వదిలించే మందు అన్నీ ఆయనకే తెలుసు. బాధపడుతున్న మనిషికి నోరుండదు. ఇక్కడ పేరు పెట్టాల్సింది ఆ మనిషే. మిత్తి అనే మాట నేను సూచించి ఉంటే ఆయన తల ఎత్తి ఉండేవాడు కాదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. తాగుడే నన్ను కొట్టించింది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తాగుడుకు పేరు పెట్టొచ్చు, దాని జిత్తులు మాట్లాడుకోవచ్చు. కొట్టిన చెయ్యి మాత్రం ఆయనదే, జవాబు ఆయనే చెప్పాలి.

నేను ఈ పనిలోకి రావడానికి ఒక కారణం ఉంది. మా నాన్న పత్తి రైతు. 1997-98లో వరంగల్ జిల్లా పత్తిని పురుగు తినేసి, రైతులు ఒకరి తర్వాత ఒకరు ప్రాణాలు తీసుకున్న రోజుల్లో నేను కాలేజీలో ఉన్నాను. పేపర్లలో రోజూ ఫొటోలు వచ్చేవి. శవం పక్కన కూచున్న భార్య ఫొటో. ఆ భార్య ఏమందో ఎక్కడా ఉండేది కాదు. ఎంత అప్పు, ఎన్ని ఎకరాలు, ఎంతమంది పిల్లలు అన్నది మాత్రం ఉండేది.

అటువంటి భార్య ఒకామె గురించి చెప్పాలి. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను, ఊరూ కొన్ని వివరాలూ మార్చాను. భర్త పోయిన ఇంట్లో ఆడమనిషి తన కథను ఎంతమందికి చెప్పుకోవాలో ఆలోచించండి. భూమి భర్త పేర పట్టా ఉండి, వయసు 18కీ 59కీ మధ్య ఉంటే 2018లో వచ్చిన రైతు బీమా కింద ఐదు లక్షలు వస్తాయి. కౌలు రైతుకు ఆ దారి లేదు. 2004 నాటి జీవో 421 కింద విచారణ జరగాలి. తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి వస్తారు. ప్రతి ఒక్కరికీ కథలో ఒక ముక్కే కావాలి. అప్పు పత్రాలున్నాయా, తాగేవాడా, ఇంట్లో గొడవలున్నాయా? ఆమె ఏం చెప్పినా అది అప్పు వల్లేనా కాదా అన్న గడిలోనే పడుతుంది. విచారణ అవసరమే, డబ్బు అందాలంటే అది జరగాల్సిందే. కానీ అదయ్యేసరికి ఆమె బతుకు ఆమె నోటితోనే ఒక దరఖాస్తుగా మారిపోతుంది.

ఊరు రాసే కథ ఇంకొకటి. ఈమె గురించి ఊరన్నది: ఆమె నోటికి భయపడే ఆయన పోయిండు. ఆమెకు ముందునుంచీ గట్టి నోరని పేరు. నా దగ్గరికి వచ్చేనాటికి ఆ నోరు లేదు. ప్రశ్నకు తల ఊపి ఊరుకునేది. కూలికి పోయినా చివరి సాలులో ఒంటరిగా ఉండేదట. ఊరి కథను ఆమె నమ్మేసింది.

నెరేటివ్ పద్ధతిలో రెండో మెట్టు ఇక్కడ మొదలవుతుంది. బరువైన కథలో ఇమడకుండా ఎక్కడో ఒక సంఘటన మిగిలిపోయి ఉంటుంది. దాన్ని వెతకాలి. అది ఘనకార్యం కానక్కర్లేదు. చాలాసార్లు మనిషి దాన్ని తన తప్పుగానే చెబుతుంది. ఈమె కూడా అట్లాగే చెప్పింది. "పోయినేడు ఖమ్మం మార్కెట్ల గొడవ పెట్టుకున్న మేడం. అందరు చూసిండ్రు. సిగ్గైంది."

ఏం గొడవ అని అడిగాను. భర్త పోయాక మిగిలిన తేజ మిర్చి బస్తాలు ఆమే వేసుకొని పోయింది. పొద్దున జెండా పాటలో ఒక ధర పలుకుతుంది, ఆ రోజుకు అదే పై ధర. తర్వాత ఒక్కో కుప్ప దగ్గరికి వచ్చి కొనేవాళ్లు దానికి ఎంతో కొంత తగ్గించి అడుగుతారు. ఈమె సరుకు చూసినాయన తాలు ఎక్కువున్నదని ధర బాగా కోశాడు. ఈమె బస్తా మూతి కోసి, మొత్తం సరుకు నేల మీద గుమ్మరించింది. "తాలు కాయ ఏరి చూపెట్టు" అన్నది. చుట్టూ జనం గుమిగూడారు. ఆయన ధర పెంచాడు. ఆమె ఇంటికొచ్చి, ఆడదాన్నయ్యుండి రచ్చ చేసిన అని ఏడ్చింది.

ఇక్కడ కౌన్సెలర్ చేయకూడని పని ఒకటుంది. "అబ్బ, ఎంత ధైర్యం చేసినవమ్మా!" అని మెచ్చుకోకూడదు. మెచ్చుకుంటే ఆ సంఘటనకు అర్థం చెప్పే హక్కు మళ్లీ నా చేతికి వస్తుంది. అడగాలి. ముందు జరిగినదాని గురించి అడగాలి: గుమ్మరించే ముందు మనసులో ఏమనుకున్నవు? అటువంటి పని అంతకుముందు ఎప్పుడైనా చేసినవా? తర్వాత దాని వెనకున్న మనిషి గురించి: ఆ రోజు నువ్వు దేన్ని పోనీయొద్దనుకున్నవు? దాన్ని ఎవరి దగ్గర నేర్చుకున్నవు? ఈ రెండు రకాల ప్రశ్నల మధ్య అటూ ఇటూ తిరగడం వైట్ పద్ధతికి ప్రాణం. ప్రతి కథలోనూ జరిగిన పనులుంటాయి, ఆ పనుల వెనక కోరికలూ విలువలూ ఉంటాయన్న అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ ఆలోచన నుంచి ఆయన దీన్ని తీసుకున్నాడు. ఒక్క సంఘటన దానంతటది నిలబడదు. వెనక్కీ ముందుకూ ఇంకొన్ని సంఘటనలు తోడైతేనే కథ అవుతుంది.

తూకంలో మోసాన్ని తాను సహించలేనని ఆమె చెప్పింది. అమ్మమ్మ అంగట్ల కూరగాయలు అమ్మేదట. తక్కెడ కింద చింతపండు అంటించి మోసం చేసేవాళ్లను పట్టుకునేదట. ఆమె వెంట పోయి తానూ నేర్చుకుంది. "నువ్వు మార్కెట్ల అట్ల చేసినవంటే ఆశ్చర్యపోనిది ఎవరు?" అని అడిగాను.

ఆమె చాలాసేపటికి అన్నది. "గాయనే. నన్ను తూకం రాయి అని పిలిచేటోడు. కాంట కాడికి నువ్వే రావాలె, నాకు మొఖమాటం అనేటోడు."

ఊరు నేరంగా ఎంచిన నోటినే భర్త నమ్ముకున్నాడు. అది ఆమెకు తెలియని విషయం కాదు. ఆయన పోయాక దాన్ని అడిగినవాళ్లు లేరు.

మన తెలుగు నేల మీద ఇటువంటి పని థెరపీ అన్న పేరు లేకుండానే జరిగింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను స్త్రీశక్తి సంఘటన వాళ్లు వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల మాటల్ని టేపుల్లో రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చారు. పోరాటం విరమించాక ఆ స్త్రీలలో చాలామంది ఇళ్లకు తిరిగొచ్చారు. చరిత్ర పుస్తకాల్లో వాళ్లకు చోటు దక్కలేదు, ఇంట్లో గౌరవమూ అంతంతే. ఎవరో వచ్చి ఎదురుగా కూచొని అడిగేదాకా తమ బతుకు చెప్పదగ్గ కథ అని వాళ్లకు అనిపించే అవకాశమే రాలేదు.

కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ ‘నిర్జన వారధి’ని నేను నా దగ్గర శిక్షణకు వచ్చే ప్రతి ఒక్కరితో చదివిస్తాను. 1918లో పామర్రులో పుట్టిన ఆమె బాల వితంతువు. కొండపల్లి సీతారామయ్య గారితో పునర్వివాహం, ఉద్యమం, అజ్ఞాతవాసం. తర్వాత ఆయన ఆమెను విడిచి వెళ్లారు. కొడుకును, కూతురును పోగొట్టుకున్నారు. లోకం దృష్టిలో ఇది ఒక పెద్ద నాయకుడు వదిలేసిన భార్య కథ. తొంభై దాటాక, 2012లో ఆమె తన కథ తానే చెప్పారు. అందులో పాటలు పాడిన అమ్మాయి ఉంది, నడివయసులో చదువుకున్న స్త్రీ ఉంది, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా సొంత కాళ్ల మీద నిలబడ్డ మనిషి ఉంది. జరిగిన నష్టాల్లో ఒక్కటీ ఆమె తగ్గించి చెప్పలేదు. అయినా ఆ నష్టాలు ఆమె పేరుగా మారలేదు. నేను చెబుతున్న పనికి తెలుగులో ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

పోయినవాళ్ల విషయంలో మనవాళ్లు ఒక సలహా ఇస్తారు: మర్చిపో, తల్చుకుంటే బాధ పెరుగుతది. వైట్ దీనికి ఎదురు నడిచాడు. 1988లో రాసిన ఒక వ్యాసంలో ఆయన, పోయిన మనిషికి వీడ్కోలు చెప్పమని ఒత్తిడి చేయకుండా ఆ మనిషిని మళ్లీ పలకరించేలా సాయపడాలన్నాడు. పోయిన ఆ మనిషి కళ్లతో చూస్తే నీలో ఏం కనిపిస్తుంది, నీకు తెలియకుండా నువ్వు ఆ మనిషికి ఏమిచ్చావు అని అడగడం. అమెరికన్ మానవశాస్త్రవేత్త బార్బరా మయర్‌హాఫ్ ముసలి యూదుల మధ్య చేసిన పని నుంచి ఆయన ఒక ఊహ తీసుకున్నాడు. మన జీవితం ఒక సంఘం అనుకుంటే, అందులో సభ్యులెవరో, ఎవరి మాటకు ఎంత విలువో నిర్ణయించుకునే హక్కు మనదే.

మా దగ్గర చావింట్లో ఆడవాళ్లు రాగం తీసి శోకం పెడతారు. పోయిన మనిషి ఎట్లా నడిచేవాడు, ఏ కూర అడిగేవాడు, ఏ బాయి తవ్వించాడు, అన్నీ ఆ రాగంలో వస్తాయి. విన్నవాళ్లు ఇంకో ముక్క అందిస్తారు. అది ఏడుపే, దాంతో పాటు మనిషి కథను పదిమందిలో నిలబెట్టడం కూడా. పురుగు మందు, అప్పు, పోలీసు అన్న మాటలు వచ్చిన చావుల్లో ఆ శోకం సగంలో ఆగిపోవడం నేను చూశాను. పోస్టుమార్టం నుంచి వచ్చేసరికి సిగ్గు వచ్చి కూచుంటుంది. ఆ ఇళ్లలో ఆగిపోయిన శోకాన్ని పూర్తి చేయడమే నేను చేసే పని అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

ఎప్‌స్టన్‌కు ఉత్తరాలు రాసే అలవాటు ఉండేది. మాట్లాడుకున్న తర్వాత, ఆ మనిషి వాడిన మాటలతోనే ఒక ఉత్తరం రాసి పంపేవాడు. అది మళ్లీ మళ్లీ చదువుకోవచ్చు, ఇంకొకరికి చూపించుకోవచ్చు. బస్తా గుమ్మరించిన ఆమెకు నేనూ రాశాను. ఆ ఉత్తరంలో కొంత ఇక్కడ ఇస్తున్నాను:

"నువ్వు బస్తా గుమ్మరించిన సంగతి చెప్పినప్పుడు నీ చెయ్యి కూడా కదిలింది. తూకం తప్పితే ఊరుకోలేని గుణం మీ అమ్మమ్మ నుంచి వచ్చిందన్నవు. నీ బిడ్డ చిల్లర లెక్కబెట్టే తీరు చూస్తే ఆ గుణం ఆమెకూ వచ్చిందేమో అన్నవు. తూకం రాయి అన్న పేరు మీ ఆయన పెట్టిందన్నవు. ఆ పేరు నువ్వు ఇంకా ఉంచుకోదల్చుకున్నవా? ఉంచుకుంటే ఎవరెవరికి చెప్పదల్చుకున్నవు?"

ఆమెకు చదువు రాదు. ఇంటర్ చదివే కూతురు చదివి వినిపించింది. తండాల్లో లంబాడీ మాట్లాడే వాళ్లకైతే వాళ్ల మాటల్నే తెలుగు లిపిలో రాయించి, ఫోన్‌లో ఇంటివాళ్ల చేత చదివించి రికార్డు పంపుతాను. వాట్సాప్‌లో అమ్మ గొంతుతోనో అక్క గొంతుతోనో వచ్చే ఉత్తరానికి చాలా బలం ఉంటుంది.

ఎవరికి చెప్పదల్చుకున్నవు అన్న ప్రశ్నే ఈ పని మొత్తంలో పెద్దదని నేననుకుంటాను. గదిలో నేనూ ఆమే ఉండి కొత్త కథ అల్లుకుంటే అది గడప దాటగానే చచ్చిపోతుంది. ఊరు చెప్పిన కథను ఊళ్లోనే తిరగరాయాలి. అందుకే వైట్ సాక్షులను పిలిచేవాడు. వాళ్లు మెచ్చుకోరు, సలహా ఇవ్వరు, ఓదార్చరు. నాలుగు విషయాలు చెబుతారు: విన్నదాంట్లో ఏ మాట పట్టుకుంది, ఆ మనిషి గురించి కళ్ల ముందు ఏ రూపం కదిలింది, తమ బతుకులో అది దేన్ని తాకింది, అది విన్నాక తాము ఎక్కడికి చేరుకున్నారు.

మాకు సాక్షులను వెతకాల్సిన పని లేదు. ప్రతి ఊళ్లో మహిళా సంఘం ఉంది, నెలనెలా పొదుపు కోసం కూచుంటారు. ఆమె కోరిక మీద, ఆమె ఎంచుకున్న కొంతమందితో, లెక్కలయ్యాక ఒక మీటింగ్ పెట్టుకున్నాం. ముందు వాళ్లకు నియమాలు చెప్పాను. ఉత్తరం చదివాం. ఆమె మార్కెట్ సంగతి తన నోటితో చెప్పింది. అక్కడున్న ఒక పెద్దామె లేచి, "నీ నోటి గురించి నేను కూడ అన్న బిడ్డా" అన్నది. అందరూ కదిలారు. ఆమె ఆగలేదు. "నువ్వు గుమ్మరిచ్చిన అంటే మా అత్త యాదికొచ్చింది. వడ్ల కాంట కాడ దొరను నిలబెట్టింది మా అత్త. ఆమెను కూడ నోరుగల్లది అనేటోళ్లు. ఆమె సచ్చేదాంక నేను ఆమెను గట్లనే చూసిన." ఇంకొకామె, "రేపు పట్టా పని మీద ఆఫీసుకు నేనొక్కదాన్నే పోత. మా ఆయన కోసం చూడ" అన్నది. ఆ మీటింగ్ తర్వాత ఆమె కూలి దగ్గర మళ్లీ మధ్య సాలులోకి వచ్చిందని కూతురు చెప్పింది.

పిల్లలతో పని వేరుగా ఉంటుంది. 2024 ఆగస్టు ముగిసి సెప్టెంబర్ 1 తెల్లవారే లోపు ఆకేరు వాగు పొంగింది. పురుషోత్తమాయగూడెం దగ్గర వరంగల్-ఖమ్మం రోడ్డు తెగిపోయింది. సీతారాం తండా మునిగితే జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తర్వాత నెలల తరబడి మా వైపు పిల్లలు వాన చప్పుడు వింటే లేచి కూచునేవాళ్లు. పెద్దవాళ్లు వాళ్ల చేత వరద కథే పదేపదే చెప్పించారు. వచ్చిన ప్రతి చుట్టానికీ, ప్రతి కెమెరాకూ.

ఇటువంటి కష్టం చూసిన పిల్లల కోసం జింబాబ్వేకు చెందిన కౌన్సెలర్ ఎన్‌కజెలో ఎన్‌క్యూబే, డల్విచ్ సెంటర్‌కు చెందిన డేవిడ్ డెన్‌బరో ఒక పద్ధతి తయారుచేశారు. ఎయిడ్స్ వల్ల తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలతో మొదలైన ఈ ‘జీవన వృక్షం’ ఇప్పుడు ఎన్నో దేశాల్లో వాడుకలో ఉంది. పిల్లలు ఒక చెట్టు బొమ్మ వేస్తారు. వేళ్ల దగ్గర తాము ఎక్కడి నుంచి వచ్చారో, తాత ముత్తాతల సంగతులు. నేల మీద రోజూ చేసే పనులు. మానులో తమకు చేతనయినవి. కొమ్మల్లో కోరికలు. ఆకుల్లో తమకు కావలసిన మనుషులు, బతికున్నవాళ్లూ పోయినవాళ్లూ. పండ్లలో తమకు అందినవి. ఇవన్నీ అయ్యాక, పిల్లలందరి చెట్లనూ ఒక అడవిలా గోడకు పెట్టాకనే తుఫాను గురించి అడుగుతారు. మునుగుతున్నవాణ్ణి నీళ్లలో ఉండగా నీళ్ల గురించి అడగకూడదు, ముందు గట్టు ఎక్కించాలి.

ఒక తండాలో మేం ఇది చేసినప్పుడు చాలామంది వేపచెట్లే వేశారు. ఒక పిల్ల ఇప్పచెట్టు వేసి, వేళ్ల దగ్గర వాళ్ల యాడి (అమ్మ) కుట్టిన అద్దాల రవిక బొమ్మ గీసింది. మానులో ‘మేకలను పేర్లతో పిలవగలను’ అని రాసింది. తుఫాను సంగతికి వచ్చేసరికి, నీళ్లొచ్చిన రాత్రి ఏమైందని అడగకుండా, ఆ రాత్రి ఎవరెవరు ఎవరిని పట్టుకున్నారు అని అడిగాను. మేకలను పేర్లు పెట్టి పిలుస్తూ మిద్దె మెట్లు ఎక్కించానని ఆ పిల్ల చెప్పింది. అంతదాకా ఆమె చెప్పిన వరద కథలో మేకలే లేవు.

రాయడం గురించి కూడా ఒక మాట. అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ పెనెబేకర్ 1986లో ఒక పరిశోధన ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల్లో కొందరిని వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలచివేసిన అనుభవం గురించి రాయమన్నారు. జరిగిన సంగతినీ అప్పటి భావాలనూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో జబ్బు చేసి డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. ఇంటర్ పిల్లలకు ఇది చెబుతాను. రాసింది ఎవరికీ చూపించనక్కర్లేదని కూడా చెబుతాను. రాస్తుంటే మరీ తట్టుకోలేకపోతే ఆపేయాలి.

ఈ మధ్య స్కూళ్లలో, టీవీల్లో విజయగాథలు ఎక్కువయ్యాయి. పడ్డాడు, లేచాడు, కోట్లు సంపాదించాడు. మనిషి తన కథను మార్చుకోవడమంటే ఇదే అనుకుంటే చాలా హాని జరుగుతుంది. పంట పోయిన మనిషిని నీ ఓటమిలో పాఠం వెతుక్కో అనడం క్రూరత్వం. తామర పురుగుకు, కౌలు చట్టం అమలు కాకపోవడానికి, నూటికి మూడు రూపాయల మిత్తికి జవాబు ఒక మనిషి మనసులో ఉండదు. మిత్తిని ఎదురుగా నిలబెట్టాక ఆ రైతు అడిగిన మొదటి ప్రశ్న తన గురించి కాదు. "గింత మిత్తి తీసుకునుడు చట్టంల ఉన్నదా మేడం?" అని అడిగాడు. తప్పు తనలో లేదని తెలిసినవాడే ఆ ప్రశ్న అడగగలడు. ఆ జవాబు వెతకడానికి వకీలు కావాలి, రైతు సంఘం కావాలి. ఆ దారి చూపడం కూడా నా పనే అనుకుంటాను.

డాక్టరు అవసరమైన చోట కథలతో కాలయాపన చేయకూడదు. వారాల తరబడి తిండి, నిద్ర లేకపోయినా, లేని గొంతులు వినపడుతున్నా, చావాలని ఉందన్న మాట నోటి వెంట వచ్చినా ముందు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకుపోవాలి. మిత్తితో తిప్పలు పడ్డాయన కూడా నా దగ్గరికి వస్తూనే మందులు వాడాడు. ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లను కేసు భయంతో దాచిపెట్టే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, వాళ్లకు చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416. రాత్రి రెండింటికైనా ఫోన్ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టనక్కర్లేదు.

ఇప్పుడు నేను కోరుతున్నది మండలంలో నెలకొక మధ్యాహ్నం. ఆశా కార్యకర్తలు, సంఘం లెక్కలు రాసే అమ్మాయిలు, అంగన్‌వాడీ టీచర్లు రావాలి. ఓదార్చకుండా వినడం, మెచ్చుకోకుండా అడగడం, సాక్షిగా కూచోవడం వాళ్లు నేర్చుకోవచ్చు. గోవాలో సంగాత్ అనే సంస్థ, మానసిక వైద్యంలో డిగ్రీలు లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి డిప్రెషన్‌లో ఉన్నవాళ్లతో పనిచేయించి, ఫలితం వస్తుందని పరిశోధనతో చూపించింది. వాళ్ల పద్ధతి వేరు, కానీ మామూలు మనుషులు ఈ పని చేయగలరన్న సంగతి తేలింది. మిర్చి ఏరడం అయిపోయి, వానాకాలం విత్తనం ఇంకా వేయని మే నెల మాకు అనువైన కాలం. చోటు కోసం అడుగుతున్నాం. రాదల్చుకున్నవాళ్ల పేర్లు తూకం రాయే రాయించుకుంటున్నది, కూతురి చేత.